ఇరవై కిలోలకి కిలోన్నర

నెలలో మొదటి సోమవారం తప్ప హెల్త్ క్లాసంటే తొమ్మిదో తరగతి పిల్లలందరికీ ఇష్టమే. ఎందుకుండదు? అందులో లెక్కలు లేవు, బట్టీలు లేవు. ఏడాది మొదట్లోనే టీచరు "ఈ క్లాసులో ఏముంటుంది?" అని తన గుండ్రటి చేతిరాతతో పెద్ద కాగితం మీద రాసి బోర్డు పక్కన అంటించింది. ఏం తినాలి, ఎంతసేపు పడుకోవాలి, పళ్ళెలా తోముకోవాలి, ఎదిగే వయసులో ఒంట్లో ఏమేం మార్పులొస్తాయి, కోపమొస్తే ఏం చేయాలి, చెయ్యి తెగితే కట్టు ఎలా కట్టాలి. అన్నిటికంటే పైన, అనుమానం వస్తే అడగాలి అని. ఒక పీరియడంతా ప్లాస్టర్ దవడ తెచ్చి పళ్ళు తోమించింది కూడా. మగపిల్లలు దాన్ని తోమడం మానేసి దానిచేత మాట్లాడించారనుకోండి, అది వేరే సంగతి. ఆ కాగితంలో ఆఖరి వరస మాత్రం "నెలకోసారి ఎత్తు, బరువు". ఆ ఒక్క వరస పుణ్యమా అని ఆడపిల్లలు శనివారం నుంచే మంచినీళ్ళు కూడా ఆలోచించి తాగేవాళ్ళు.

కాటా కిటికీ పక్కన ఉంటుంది. ఆసుపత్రుల్లో ఉండే నిలువు కాటా. కింద నిలబడే పలక, పైన అడ్డంగా కడ్డీ, కడ్డీ మీద జరిపే ఇత్తడి దిమ్మ. పిల్లలు వరసగా వచ్చి, బూట్లు విప్పి, పలక ఎక్కాలి. టీచరు ఒక్క వేలితో దిమ్మని జరుపుతుంది. కడ్డీ ఊగి ఊగి మధ్యలో నిలబడగానే అంకె గట్టిగా చదువుతుంది. క్లాసు లీడరు దాన్ని ఇంకా గట్టిగా తిరిగి చెప్పి, గోడమీది ఆ నెల చార్టులో పేరుకెదురుగా అంకె రాసి, రంగు చుక్క అంటిస్తాడు. పచ్చ చుక్కయితే బాగున్నట్టు. పసుపైతే కాస్త జాగ్రత్త. ఎరుపైతే బరువు ఎత్తుకి తగ్గ హద్దు దాటినట్టు. నీలమైతే మరీ చిక్కిపోయినట్టు. నీలం చుక్క పడినవాళ్ళు ఇంతవరకూ ఒక్కరూ లేరు.

"గట్టిగా చదివితే సిగ్గెందుకర్రా? జ్వరం ఎంతుందో చెప్పుకోడానికి సిగ్గుపడతామా?" అనేది టీచరు. ఆవిడ చెడ్డమనిషి కాదు. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి కిటికీలు తెరిచేది, కాటా మీద దుమ్ము తనే తుడిచేది, ఎవరికి తలనొప్పి వచ్చినా తన సీసాలో నీళ్ళే తాగించేది. చెడ్డవాళ్ళయితే ఎదురు తిరగొచ్చు. ఇలాంటి మనిషి మీద ఎలా తిరగబడతాం చెప్పండి?

ఆ సోమవారం పలక ఎక్కింది చిట్టి. ఇన్నాళ్ళూ తూకం రోజున మైదానంలో ఆటల సాధనలో ఉండిపోయేది, ఈ ఏడాదికి ఇదే మొదటిసారి.

చిట్టి అన్నది ఇంట్లో పిలుపు. ఆ పిలుపుకీ మనిషికీ ఎక్కడా పొంతన లేదు. క్లాసులో ఆడపిల్లలందరికంటే పొడుగు, వెడల్పాటి భుజాలు, పిడికిలి బిగిస్తే మోచెయ్యి దాకా నరాలు తేలే చేతులు. స్కూలు మొత్తానికి ఇనప గుండు విసరగలిగిన ఆడపిల్ల తనొక్కతే. వచ్చే శనివారం అన్ని స్కూళ్ళ పిల్లలకీ ఆటల పోటీలు. ఎనిమిది నెలలుగా పొద్దున్నే లేచి, మంచు పడ్డా వాన పడ్డా మైదానంలో గుండు విసురుతున్నది ఆ శనివారం కోసమే.

టీచరు దిమ్మని జరిపింది. ఇంకా జరిపింది. వెనక బెంచీల్లో ఎవరో ఈల వేశారు.

"అరవై ఎనిమిదిన్నర," అంది టీచరు.

"అరవై ఎనిమిదిన్నర!" అని లీడరు ఊరంతా వినబడేట్టు అరిచాడు.

"ఇంకొక్క మనిషిని కలిపితే క్వింటాలురోయ్!" అంది వెనక బెంచీ. క్లాసంతా గొల్లుమంది. ఇక అంతే, ఆ క్షణం నుంచీ చిట్టికి క్లాసులో పేరు పడిపోయింది, క్వింటాలు అని.

చిట్టి పలక దిగలేదు. "మేడం, నా బరువు అరవై మూడూ ఏడువందలు," అంది.

"ఎప్పుడు చూసుకున్నావు?"

"మొన్న శనివారం. మా అమ్మ కొట్లో."

"రెండ్రోజుల్లో ఐదు కిలోలు లాగించేశావా?" అన్నాడు లీడరు. మళ్ళీ నవ్వులు.

"మేడం, ఈ కాటా తప్పు చూపిస్తోంది."

టీచరు కోప్పడలేదు. చిట్టిని దిగమని, దిమ్మని సున్నా దగ్గరికి తోసింది. కడ్డీ కాసేపు ఊగి, సరిగ్గా మధ్యలో బుద్ధిగా నిలబడింది. "చూడు. వెంట్రుకవాసి తేడా లేదు. కాటాని అనకూడదమ్మా, అలవాట్లు మార్చుకోవాలి," అని ఎర్ర చుక్క లీడరు చేతికిచ్చింది. తర్వాత ఒక ఎర్ర కార్డు తీసి చిట్టి చేతిలో పెట్టి, గొంతు కాస్త తగ్గించింది. "ఈ ఏడాది కొత్త రూలు వచ్చింది తల్లీ. ఎర్ర కార్డు వాళ్ళు డాక్టరు చీటీ తెచ్చేదాకా ఆటల పోటీలకి వెళ్ళడానికి లేదు."

"మేడం! పోటీ శనివారమే!"

"నీ మంచికే చెబుతున్నాను."

చిట్టి కార్డు జేబులో కుక్కుకుంది. బూట్లు తొడుక్కోడానికి వంగి, లేసులు కట్టుకోవడం అయిపోయినా అలా వంగే ఉండిపోయింది. ఏడుపు మొహం నలుగురికీ చూపించడం ఇష్టం లేక.

ఆమె తర్వాత ఎక్కింది ఆమె బెంచీ స్నేహితురాలు. సన్నగా, పొడుగ్గా ఉండే ఆ పిల్లని అందరూ అగ్గిపుల్ల అంటారు. ఆ పేరు ముద్దుగానే పెట్టారులెండి. "ముప్ఫై తొమ్మిది, పచ్చ," అంది టీచరు. ముందు బెంచీలోని అమ్మాయిలు "అబ్బ, ఎంత బాగుందే!" అని చప్పట్లు కొట్టారు. పోయిన నెల ఆమె అంకె నలభై ఒకటి. ఆ సంగతి టీచరుకీ గుర్తులేదు, చప్పట్లు కొట్టినవాళ్ళకీ గుర్తులేదు.

మధ్యాహ్నం పీటీ మాస్టారు ఎర్ర కార్డుని అటు తిప్పి ఇటు తిప్పి చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"బరువుందని గుండు విసిరేవాళ్ళని ఆపుతారా? మరెవర్ని పంపమంటారు, అగ్గిపుల్లనా? గుండే ఆ పిల్లని విసిరేస్తుంది!"

"ఏదో ఒకటి చేయండి మాస్టారూ."

మాస్టారు నీళ్ళు నమిలాడు. అడగాల్సినవాళ్ళని అప్పటికే అడిగొచ్చాడని ఆ నమలడంలోనే తెలిసిపోయింది. "రూలు రూలే అన్నారమ్మా. డాక్టరు చీటీ తెచ్చుకో. శుక్రవారం సాయంత్రం దాకా నీ పేరు కొట్టెయ్యకుండా ఆపుతాను. అంతకంటే నా చేతిలో ఏం లేదు."

మంగళవారం బడి వదలగానే చిట్టి ఆరోగ్య కేంద్రానికి పరిగెత్తింది. కిటికీ వెనక కూర్చున్నావిడ పెద్ద పుస్తకం తిరగేసి, ఖాళీ ఉన్న రోజు మీద వేలు పెట్టింది. మూడు వారాల తర్వాత.

చిట్టి వాళ్ళమ్మది కాటాలు బాగుచేసే కొట్టు. వీధి మలుపులో ఇరుకు గది. గోడ నిండా కడ్డీలు, తట్టలు, గొలుసులు. కింద వరసగా ఇనప రాళ్ళు. రాళ్ళంటే నిజం రాళ్ళు కావు, పోతపోసిన ఇనపవే. బరువు సరిచూసేవాటిని ఆ పనివాళ్ళు రాళ్ళనే అంటారు. అమ్మ ముక్కాలిపీట మీద కూర్చుని, ఎవరిదో కూరగాయల కాటాని బోర్లించి, లోపల కడ్డీ ఆని ఊగే కత్తి అంచుల్ని కిరసనాయిలు గుడ్డతో తుడుస్తోంది. పెద్ద కాటాలు బాగుచేసినప్పుడు చిట్టిని పిలిచి పలక నాలుగు మూలలా నిలబెట్టి చూడటం ఆవిడకి అలవాటు. అందుకే కూతురి బరువు ఆవిడకి గ్రాములతో సహా తెలుసు.

"ఏంటే, మొహం అలా వేలాడేశావు?"

"ఏం లేదు."

"ఏం లేనిదానికే ఇంత మొహమా? కూర్చో. చెప్పు."

చిట్టి చెప్పింది. క్వింటాలు అన్న మాట దగ్గర తల పక్కకి తిప్పుకుంది. అమ్మ మధ్యలో అడ్డు రాలేదు. చేతిలో గుడ్డ మాత్రం పక్కన పెట్టింది. పని మధ్యలో అమ్మ గుడ్డ పక్కన పెట్టిందంటే కోపం తారస్థాయిలో ఉన్నట్టే.

"సున్నా సరిగ్గా నిలబడిందా?" అని అడిగింది.

"నిలబడిందమ్మా. అది చూపించే నా నోరు మూయించింది."

"కడ్డీ చివర చిన్న మర ఉంటుంది. దాన్నెవరన్నా తిప్పారా?"

"మేడమే తిప్పుతుంది. బడి తెరిచిన కొత్తల్లో కడ్డీ మధ్యలో నిలబడట్లేదని పుస్తకం చూసి మరీ తిప్పింది. ఇప్పటికీ రోజూ సరిచూస్తుంది."

అమ్మ ఫక్కున నవ్వింది. "అయితే దొరికిపోయింది!"

లేచి, సొరుగులోంచి అలాంటిదే ఒక ఇత్తడి దిమ్మ తీసి, బోర్లించి, కూతురి చేతిలో పెట్టింది. అడుగున శనగగింజంత కన్నం. అందులో బూడిదరంగు సీసం.

"దిమ్మ తయారుచేశాక బరువు సరిగ్గా కుదరడానికి ఇందులో సీసం నింపుతారు. కాటా పాతబడితే అది ఊడి రాలిపోతుంది. దిమ్మ తేలికైపోతుంది. తేలిక దిమ్మతో నిన్ను ఆపాలంటే ఇంకా దూరం జరపాలి. దూరం జరిపితే అంకె పెరుగుతుంది. అర్థమైందా?"

"మరి సున్నా?"

"సీసం రాలిన రోజు సున్నా కూడా తప్పే చూపించి ఉంటుంది. అలా వదిలేసి ఉంటే ఎవరో ఒకరు నాలాంటిదాన్ని పిలిచేవాళ్ళు. మీ మేడం శ్రద్ధగల మనిషి. మర తిప్పి సున్నాని సర్దేసింది. దాంతో జబ్బు లోపలికి పోయింది. ఇప్పుడు పలక మీద ఎవరూ లేనప్పుడు నిజం చెబుతుంది. మనిషి ఎక్కితే అబద్ధం. బరువు పెరిగేకొద్దీ పెద్ద అబద్ధం."

"అంటే లావువాళ్ళకి పెద్ద అబద్ధం, సన్నవాళ్ళకి చిన్న అబద్ధమా?"

"అంతే."

చిట్టికి ఒళ్ళు మండిపోయింది. "కాటాక్కూడా మేమే లోకువా!"

"నేనొచ్చి చెప్పనా?"

"వద్దు. అక్కడ నవ్వించుకున్నది నేను. నేనే చెప్తా."

"నువ్వూ చెప్పకు." అమ్మ దిమ్మని తీసి సొరుగులో వేసింది. "కొట్టువాడితో నీ కాటా తప్పని మేం ఎప్పుడూ అనం. అంటే పోట్లాటకొస్తాడు. రాళ్ళు పెట్టి, అంకె ఆయన్నే చదవమంటాం. సొంత నోటితో చదివాక ఇంకెవరితో పోట్లాడతాడు? ఒకటే మాట, నువ్వు దిమ్మ ముట్టుకోకు, మర తిప్పకు. జరిపేదీ చదివేదీ ఆవిడే కావాలి. నీ చెయ్యి పడిందంటే నువ్వే ఏదో చేశావంటారు."

మూడు ఇరవై కిలోల రాళ్ళు ఎంచి, ముద్రలు కనబడేట్టు గుడ్డతో తుడిచి, చక్రాల బండి మీద పెట్టింది. అప్పుడు గుర్తొచ్చినట్టు కూతురి నెత్తిన ఒక్కటి మొట్టింది. "సోమవారం జరిగితే మంగళవారమా చెప్పేది?"

బుధవారం మధ్యాహ్నం తిండి గంటకి చిట్టి హుషారుగా ఉంది. గురువారం హెల్త్ పీరియడులో ఎవరెవరి మొహాలు ఎలా మాడిపోతాయో ఒక్కొక్కటే చెబుతూ డబ్బా ఖాళీ చేస్తోంది. అగ్గిపుల్ల తన డబ్బా మూత తీసి చిట్టి ముందుకి తోసింది.

"ఇదీ నువ్వే తిను. రేపు రాళ్ళు మోయాలిగా."

"మరి నువ్వు?"

"ఆకల్లేదు."

చిట్టి సందేహించకుండా అందులో ఉడికించిన గుడ్డు తీసి నోట్లో వేసుకుంది. తర్వాత ఆ గుడ్డు తలుచుకుని తనని తనే తిట్టుకుంది పాపం. చేతులు కడుక్కోడానికి కుళాయి దగ్గరికి వెళ్ళినప్పుడు అగ్గిపుల్ల ఉన్నట్టుండి గోడ పట్టుకుంది. కళ్ళు మూసుకుంది. పెదాలు తెల్లగా పాలిపోయాయి.

"ఏయ్! ఏమైందే?"

"ఏం లేదు. కళ్ళు తిరిగాయి. అప్పుడప్పుడూ తిరుగుతాయి."

"నువ్వు తిన్నదెప్పుడు?"

అగ్గిపుల్ల లెక్కపెట్టుకుంది. తిన్నదెప్పుడో లెక్కపెట్టుకోవాల్సి రావడం చూసి చిట్టికి భయమేసింది. "నిన్న పొద్దున."

"పిచ్చా నీకు? ఎందుకే?"

"నలభై దాటకూడదని."

"దాటకూడదని ఎవరన్నారు?"

"ఎవరో అనాలా? పోయిన నెల నలభై ఒకటి అని చదివితే వెనక నించి 'పుల్ల కాస్తా దుంగవుతోంది' అన్నారు. నువ్వు వినలేదు, నేను విన్నాను. మొన్న నిన్నెలా నవ్వారో చూశాగా! నువ్వు గట్టిదానివి కాబట్టి నిలబడ్డావు. నన్నలా అంటే నేను మళ్ళీ బడికి రాను." నీళ్ళు మొహాన చల్లుకుని నవ్వబోయింది. "నాకేం కాదులేవే. పచ్చ చుక్కేగా. బాగున్నావనేగా మేడం కూడా అంది."

చిట్టి ఆమెని కూర్చోబెట్టి, మిగిలిన రొట్టె ముక్క బలవంతాన తినిపించింది. సగం తిని, ఇక చాలంటే చాలంది. మిగతా సగం చేత్తో పట్టుకుని చిట్టి గంట కొట్టేదాకా అక్కడే కూర్చుంది.

గురువారం పొద్దున చక్రాల బండి గడగడమంటూ వరండాలోకి వస్తుంటే పిల్లలు కిటికీలకి వేలాడారు.

"క్వింటాలు లగేజీతో వస్తోందిరోయ్!"

చిట్టి పట్టించుకోలేదు. ఆ రోజు పాఠం కట్లు కట్టడం. టీచరు బల్ల మీద గుడ్డ చుట్టలు పేర్చుకుంటోంది. చిట్టి గుమ్మంలో నిలబడి, "మేడం, ఐదు నిమిషాలు ఇస్తారా?" అంది.

"ఏంటమ్మా అవి?"

"ఇరవై కిలోల రాళ్ళు. కాటాలు సరిచూసేవి. ముద్ర ఉంది, చూడండి. వీటిని మీరు తూచి, అంకె మీరే చదవాలి."

క్లాసులో గుసగుసలు మొదలయ్యాయి. టీచరు నుదురు చిట్లించింది. వద్దనడానికి నోరు తెరిచింది కూడా. కానీ బోర్డు పక్కనున్న కాగితంలో అనుమానం వస్తే అడగాలి అని రాసింది తనేనాయె. "సరే. ఐదు నిమిషాలే," అంది.

"ముందు సున్నా సరిచూసుకోండి మేడం."

టీచరు చూసుకుంది. కడ్డీ మధ్యలో నిలబడింది. చిట్టి మొదటి రాయిని ఒంటిచేత్తో ఎత్తి, చప్పుడు కాకుండా పలక నడిమధ్యన పెట్టి, రెండడుగులు వెనక్కి వచ్చి చేతులు కట్టుకుంది. ఆ ఎత్తడం చూసి వెనక బెంచీకి నవ్వడం గుర్తురాలేదు.

టీచరు దిమ్మని ఇరవై దగ్గర పెట్టింది. కడ్డీ కిందికి దిగలేదు. ఇంకాస్త జరిపింది. ఇంకాస్త. కడ్డీ ఊగి, నిలబడింది.

"ఇరవై... ఒకటిన్నర."

లీడరు అలవాటుకొద్దీ "ఇరవై ఒకటిన్నర!" అని అరిచి, నాలిక్కరుచుకున్నాడు.

రెండో రాయి. టీచరు దిమ్మని మళ్ళీ జరిపింది. "నలభై మూడు."

మూడో రాయి పెట్టేసరికి వెనక బెంచీ లేచి నిలబడింది. టీచరు దిమ్మని జరిపి, చూసి, కళ్ళద్దాలు తీసి తుడిచి, మళ్ళీ చూసింది. "అరవై నాలుగున్నర," అంది. ఆ మాట గట్టిగా రాలేదు.

"ఇరవై కిలోలకి కిలోన్నర చొప్పున ఎక్కువ చూపిస్తోంది మేడం," అంది చిట్టి. ఆ ఒక్క మాట రాత్రంతా మననం చేసుకుని వచ్చింది. "ఒకసారి దిమ్మ అడుగున చూడండి."

టీచరు దిమ్మ కిందికి వంగి చూసింది. ఖాళీ కన్నం. సీసం సంగతీ, మర సంగతీ చిట్టి నాలుగు మాటల్లో చెప్పింది. టీచరు కడ్డీ చివరి మరని వేలితో తాకింది. "ఆ మర తిప్పింది నేనే," అంది తనలో తను అనుకున్నట్టు.

అంతే, క్లాసు కట్ట తెగింది. "మరి నాదెంత మేడం?" "నాకు పసుపు ఎందుకిచ్చారు?" "రేయ్, నేను మూడున్నర కిలోలు తగ్గానురోయ్, కూర్చునే తగ్గాను!" టీచరు బల్ల మీద డస్టరుతో కొట్టి అందరినీ కూర్చోబెట్టింది. చాక్‌పీసు తీసుకుంది. బోర్డు మీద భాగహారం చేసింది.

"అరవై మూడూ ఏడువందలు," అంది చిట్టి వైపు తిరిగి. "నువ్వు చెప్పిందే సరైంది. నీ హద్దు అరవై ఆరు. ఎర్ర కార్డు ఇలా ఇవ్వు." కార్డుని రెండుగా, నాలుగుగా చించింది. "శనివారం నువ్వు వెళ్తున్నావు."

ముందు బెంచీలు చప్పట్లు కొట్టాయి. సంగతేమిటా అని గుమ్మం బయట నక్కి చూస్తున్న పీటీ మాస్టారు "అదీ!" అని గాల్లోకి గుద్దాడు. చిట్టికి గుండె నిండిపోయింది. వచ్చిన పనైపోయింది. ఇక రాళ్ళు బండిలో పెట్టుకుని, అందరి మొహాలూ తీరిగ్గా చూసుకుంటూ వెళ్ళి కూర్చోవడమే తరువాయి.

"ఇలా ఒక్కరితో ఆగితే న్యాయం కాదు," అంది టీచరు. గొంతులో పట్టుదల వచ్చింది. "తప్పు అంకెలు చదివింది నేను. అందరివీ సరిచేసి చదువుతాను. లీడరూ, చుక్కలు తీసుకో. ఎర్రవీ, నీలంవీ, అన్నీ." చార్టు మీద వేలు పెట్టింది. చిట్టి తర్వాతి పేరు మీద.

చిట్టి అప్పుడు తన బెంచీ వైపు చూసింది. అగ్గిపుల్ల బల్ల అంచుని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. ముప్ఫై తొమ్మిది. నలభైకి మూడు తగ్గుతుందంటే ముప్ఫై ఆరు. ఆ పిల్ల ఎత్తుకి కింది హద్దు ముప్ఫై ఏడు. లెక్క అంతా ఆ మొహంలోనే కనబడుతోంది. గోడ పట్టుకుని నిలబడ్డ మనిషి, ఎవరికీ పడని నీలం చుక్క, వెనక బెంచీ తెరిచి పెట్టుకున్న నోరు. కాటా తనని ఒక్కరోజులో లావుదాన్ని చేసింది సరే, ఇన్ని నెలలుగా ఈ పిల్ల చిక్కిపోవడాన్ని పచ్చ చుక్క కింద దాచేసింది. బరువు పెరిగేకొద్దీ పెద్ద అబద్ధం అన్నది అమ్మ. చిన్న అబద్ధం ఎంత పని చేసిందో చిట్టికి అప్పుడు తెలిసింది.

"మేడం, చదవకండి," అంది.

"అదేంటి? తప్పని చూపించింది నువ్వే. సరైనవి చదవొద్దా?"

"తప్పువైనా, సరైనవైనా గట్టిగా చదవకండి." చిట్టి చార్టుకి అడ్డంగా వచ్చి నిలబడింది. "మా అమ్మ రోజుకి పది కాటాలు చూస్తుంది. ఎవరిది ఎంత తేడా ఉందో వాళ్ళకే చెబుతుంది, పక్క కొట్టుకి చెప్పదు. ఇనప కాటాల విషయంలోనే అంత మర్యాద ఉందే! మేం మనుషులం కదా మేడం. మీరు చదివిన అంకె మీరు మర్చిపోతారు. వీళ్ళు మర్చిపోరు. ఇక్కడ కొంతమంది ఆ అంకెకి భయపడి తిండి మానేస్తున్నారు."

పేరు చెప్పలేదు. పేరున్నవైపు చూడను కూడా లేదు. కానీ క్లాసులో ఒకరికి నలుగురు తలలు దించుకున్నారు. అగ్గిపుల్ల ఒక్కతే అనుకుంది చిట్టి. కాదు. ముందు బెంచీలో చప్పట్లు కొట్టిన అమ్మాయి దించుకుంది. వెనక బెంచీలో ఈల వేసిన కుర్రాడు కూడా దించుకున్నాడు.

టీచరు ఆ తలలన్నీ చూసింది. తర్వాత గోడ దగ్గరికి వెళ్ళి, చార్టుని నాలుగు మూలలా గోటితో గిల్లి ఊడదీసి, చుట్టచుట్టి, బీరువాలో పెట్టి తాళం వేసింది. తిరిగొచ్చి బల్ల ముందు నిలబడింది.

"అంకెలు గట్టిగా చదివాను," అంది. "కాబట్టి ఇదీ గట్టిగానే చెబుతాను. నాది తప్పు. కాటా తప్పు ఒక్కటే అయితే మీకు చెప్పి ఊరుకునేదాన్ని. చదవడం నా తప్పు. మీ అందరినీ క్షమించమని అడుగుతున్నాను." చిట్టి వైపు తిరిగింది. "ముందుగా నిన్ను."

ఒక టీచరు అలా అడగడం ఆ క్లాసు అంతకుముందు చూడలేదు. ఏం చేయాలో తోచక కొందరు లేచి నిలబడ్డారు. వాళ్ళని చూసి మిగతావాళ్ళూ లేచారు. లీడరు తన దగ్గరున్న రంగు చుక్కల డబ్బా తెచ్చి, ఎవరూ అడక్కుండానే టీచరు బల్ల మీద పెట్టేశాడు.

ఆ పీరియడులో కట్లు కట్టనే లేదు. టీచరు బీరువాని గోడకి అడ్డంగా జరిపించి చాటు చేయించింది. ఒక్కొక్కరూ ఆ చాటుకి వెళ్ళి, తమ అంకె తాము తెలుసుకుని వచ్చారు. అగ్గిపుల్ల అందరికంటే ఎక్కువసేపు ఉంది. వచ్చేటప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చేతిలో మడిచిన చీటీ ఉంది. "రేపు పొద్దున మేడమే ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్తానంది. మూడు వారాలూ లేదు, నాలుగు వారాలూ లేదు, ఫోన్లో పోట్లాడి మరీ ఒప్పించింది," అని గుసగుసగా చెప్పింది. తర్వాతి పీరియడులో బెంచీ కింద డబ్బా మూత తీసి, లెక్కల మాస్టారు బోర్డు వైపు తిరిగినప్పుడల్లా ఒక్కో ముద్ద నోట్లో పెట్టుకుంది. చిట్టి ఆయనకి అడ్డంగా, తన వెడల్పాటి భుజాలు ఇంకాస్త వెడల్పు చేసుకుని కూర్చుంది.

శనివారం అమ్మ కొట్టు మూసేసి వచ్చింది. మైదానంలో గుండ్లు పేర్చిన చోటుకి తిన్నగా వెళ్ళి, ఒకదాన్ని అరచేతిలో ఊపి చూసి, "ఇది పది గ్రాములు తక్కువుంది," అని అక్కడున్నాయనతో పేచీ పెట్టుకోబోతే పీటీ మాస్టారు బతిమాలి ఇవతలికి లాక్కొచ్చాడు.

మొదటి విసురులో చిట్టి కాలు గీత దాటింది. లెక్కలోకి రాలేదు. రెండోది పది మీటర్లు దాటి పడింది. అప్పటికే పక్క స్కూలు అమ్మాయి పదకొండు మీటర్ల మీద పన్నెండు సెంటీమీటర్లు విసిరి, మెడ చుట్టూ తువ్వాలు వేసుకుని నిమ్మళంగా కూర్చుంది.

మూడోదే ఆఖరు. చిట్టి వలయంలోకి దిగి, గుండుని మెడకీ దవడకీ మధ్య ఒదిగించుకుంది. ఇనుము చల్లగా తగిలింది. వెనక ఎవరు అరుస్తున్నారో వినబడలేదు. వంగింది. కుడికాలి మీద ఒళ్ళంతా దింపుకుంది. అరవై మూడూ ఏడువందలు, ఒక్క గ్రాము వదలకుండా, ఆ కాలి మీదికి తెచ్చుకుంది. ఒక్క తోపు. పాదం నుంచి నడుముకి, నడుము నుంచి భుజానికి, భుజం నుంచి వేళ్ళ కొసలకి. గుండు వేళ్ళని వదిలి వెళ్ళినప్పుడే తెలిసిపోయింది. అది ఎక్కడ పడుతుందో చూడకుండానే చిట్టి వలయం వెనకవైపు నించి నెమ్మదిగా నడిచి బయటికొచ్చింది.

టేపు పట్టుకుని ఇద్దరు పరిగెత్తారు. వంగారు. రెండుసార్లు చూసుకున్నారు.

"పదకొండు మీటర్ల నలభై!"

పీటీ మాస్టారు మోకాళ్ళ మీద కూలబడిపోయాడు. అమ్మ పక్కనున్నావిడ ఎవరో తెలియకపోయినా ఆవిడ భుజం పట్టుకుని ఊపేసింది. ఆ ఊగిపోయింది హెల్త్ టీచరే. అగ్గిపుల్ల తాడు కింద నించి దూరి పరిగెత్తుకొచ్చి, చిట్టిని వాటేసుకుని, ఎత్తబోయింది. ఎత్తలేక ఇద్దరూ మట్టిలో పడ్డారు. చిట్టి లేచి, దులుపుకోకుండానే, స్నేహితురాలిని ఒక్క ఊపున ఎత్తి భుజం మీద కూర్చోబెట్టుకుని మైదానం చుట్టూ నడవడం మొదలుపెట్టింది. జనం లేచి నిలబడి చూశారు.

"దించవే! పడిపోతుంది!" అని అరిచింది అమ్మ.

"పడదు," అంది చిట్టి. ఇంకో చుట్టు మొదలుపెట్టింది.